మందున్నది, పరీక్ష యేది?

తెలియని శత్రువు చేతిలో ఓడిపోవుట దౌర్భాగ్యము. తెలిసిన శత్రువును జయింపగల ఆయుధమును చేత నుంచుకొని, దానిని ఒరనుండి దూయక ఓడిపోవుట సిగ్గుచేటు. హెపటైటిస్-సి యను కాలేయవ్యాధి విషయమున మన దేశము నేడు రెండవ స్థితిలో నున్నదని చెప్పవలసి వచ్చినందులకు చింతిల్లుచున్నాము. పండ్రెండు వారములపాటు దినమున కొకమారు మాత్రలు మ్రింగిన నూటికి తొంబదిమందికి మించి సంపూర్ణముగ స్వస్థులగు వ్యాధి యిది. ఆ మాత్రలను తయారుచేయు సంస్థలలో ముఖ్యమైనవి కొన్ని మన హైదరాబాదుననే స్థాపితములై యున్నవి. జాతీయ కార్యక్రమము క్రింద ప్రభుత్వ వైద్యాలయములలో పరీక్షయు మందును ఉచితముగ నిచ్చుటకు 2018 లోనే యేర్పాటయినది. ఐనను కాలేయము గట్టిపడి, కడుపున నీరు చేరి, రక్తము కక్కుకొని ఆసుపత్రికి వచ్చినపుడుగాని తమకీ జబ్బున్నదని తెలియనివారు నేటికిని కలరు. లోపమెక్కడ నున్నది? మందున లేదు. మందు వఱకు రోగిని నడిపించు త్రోవయందున్నది.

కామెర్లన్న మనవారికి క్రొత్త కాదు. కండ్లు పచ్చబడగనే నేలయుసిరి పసరు త్రాగుట, చేతికి వాత పెట్టించుకొనుట, పథ్యము పట్టుట తరతరములుగ వచ్చుచున్న ఆచారములు. కలుషితమైన నీటివలన వచ్చు కామెర్లు చాలవఱకు తమంతట తామే తగ్గును. తగ్గిన కీర్తి పసరునకు దక్కును. హెపటైటిస్-సి నడక వేఱు. అది నీటివలన రాదు. నెత్తురునుండి నెత్తురునకు ప్రాకును. సోకిననాడు పెక్కుమందికి కండ్లు పచ్చబడవు, జ్వరము రాదు, ఆకలి చెడదు. సోకిన పదిమందిలో సుమారు ముగ్గురి దేహము ఆఱు నెలలలోపున దానిని తానే వెడలగొట్టును. తక్కిన యేడుగురి కాలేయమున అది తిష్ఠ వేయును. అట్టివారిలో నూటికి 15 మొదలు 30 మందికి ఇరువది యేండ్లలోపల కాలేయము మచ్చలుపడి గట్టిపడును. దీనినే వైద్యులు సిరోసిస్ అందురు. వారిలో కొందఱికి కాలేయమున క్యాన్సరు పుట్టును. కావున కామెర్లు వచ్చినపుడు చూచుకొందమను వాడు ఈ వ్యాధిని చూచునాటికి అది తన పని ముగించియే యుండును.

ఈ వైరసు మనుష్యునికి చిరకాలపు చుట్టమైనను దాని పేరు మాత్రము నిన్న మొన్నటిది. రక్తము ఎక్కించుకొన్నవారికి కాలేయము వాచుట, ఆ వాపునకు అంతకుముందు తెలిసిన ఎ, బి వైరసులు కారణము కాకపోవుట 1970 ప్రాంతపు దశాబ్దమున అమెరికాలో హార్వీ ఆల్టర్ ప్రభృతులు గుర్తించిరి. పేరు లేని ఆ వ్యాధికి 'ఎ కానిది, బి కానిది' యని పేరుపెట్టి యూరకుండవలసి వచ్చినది. 1989 లో మైకేల్ హౌటన్, ఆయన సహచరులు వైరసును పట్టుకొనిరి. అదియొక్కటియే ఈ వ్యాధికి చాలినంత కారణమని చార్లెస్ రైస్ నిరూపించెను. ఈ మువ్వురికి 2020 లో నోబెల్ బహుమాన మీయబడెను. ఒక వ్యాధి మూలము తెలిసినది మొదలు పాతికయేండ్లు గడవకముందే దానిని సమూలముగ తీసివేయు మాత్ర వెలువడుట వైద్యచరిత్రలో అరుదైన విషయము.

ఇది యెట్లు వచ్చునో చెప్పుకొనుటకు మనము సంకోచపడరాదు. మన గ్రామములలోను పట్టణములలోను సూదిమందుపై నున్న మోజు అందఱెఱిగినదే. మాత్ర యిచ్చిన వైద్యుడు చాలనివాడు, సూది పొడిచినవాడు సమర్థుడు అను భ్రమ జనులలో నాటుకొని యున్నది. ఒకరికి పొడిచిన సూదిని సరిగ శుద్ధిచేయక మఱొకరికి పొడిచిన చోటులనెల్ల ఈ వైరసు సాగిపోయినది. మన దేశమున దానమిచ్చిన రక్తమును హెపటైటిస్-సి కై తప్పక పరీక్షింపవలెనను నిబంధన యీ శతాబ్ది తొలియేండ్లలోగాని రాలేదు. అంతకు ముందు కాన్పునాడో, శస్త్రచికిత్సనాడో రక్తము ఎక్కించుకొన్నవారు లెక్కకు మిక్కిలిగ నున్నారు. మత్తుమందులను సూదితో ఎక్కించుకొనువారు ఒకే సూదిని పంచుకొనుట, శుద్ధి లేని పచ్చబొట్లు, మంగలి కత్తులు, డయాలిసిస్ యంత్రములకడ అజాగ్రత్త, మాటిమాటికి రక్తము ఎక్కించుకొనవలసిన తలసేమియా బిడ్డల దుఃస్థితి: ఇవియన్నియు దాని ద్వారములే. తల్లినుండి బిడ్డకు వచ్చుటయు కలదు గాని అది నూటికి అయిదాఱుగురికి మాత్రమే. కలసి కూర్చుండుటవలన, ఒకే పంక్తిని భుజించుటవలన, బిడ్డకు పాలిచ్చుటవలన ఇది రాదు. ఈ తుదిమాటను ప్రతి పఠనమందిరమునను పెద్దయక్షరములతో వ్రాసి తగిలింపవలెను.

వైద్యమే వ్యాధిని వ్యాపింపజేసిన విషాదమునకు ఈజిప్టు ప్రబల నిదర్శనము. నైలునదీతీరపు రైతులను పీడించుచున్న బిల్హార్జియా యను పురుగురోగమును మాన్పుటకై 1950 ప్రాంతము మొదలు 1980 ప్రాంతము వఱకు ప్రభుత్వమువారు ఊరూర సూదిమందు లిచ్చిరి. ఉద్దేశము మంచిది. కాని యొకే సూదిని పలువురకు వాడుటచే ఒక తరమునకు తరమే హెపటైటిస్-సి పాలయ్యెను. ప్రపంచమున నింత హెచ్చుగ నీ వ్యాధి యున్న దేశము మఱొకటి లేదని పేరువడిన ఆ దేశమే తరువాత దారి చూపినది. 2018-19 లో ఏడు మాసములలో దాదాపు అయిదుకోట్ల మందిని పరీక్షించి, వ్యాధి యున్నవారికి ఉచితముగ మందిచ్చినది. 2023 అక్టోబరులో ప్రపంచారోగ్యసంస్థ వారు, ఈ వ్యాధిని నిర్మూలించు మార్గమున బంగారు శ్రేణి నందుకొన్న మొదటి దేశముగ దానిని గుర్తించిరి. తన చేతితో చేసిన గాయమును తన చేతితోనే మాన్పుకొన్న ఆ దేశమునుండి మనము నేర్చుకొనవలసినది చాల నున్నది.

ఇక రోగనిర్ణయము మాట. ఇచ్చటనే పెక్కు పొరపాట్లు జరుగుచున్నవి కావున కొంచెము వివరముగ చెప్పుదుము. మొదటి పరీక్ష రక్తములో యాంటీబాడీ యున్నదా లేదా యని చూచును. వ్రేలినుండి చుక్క నెత్తురు తీసి కార్డుమీద వేసి కొన్ని నిమిషములలో చూడవచ్చును. ఈ యాంటీబాడీ యనునది దొంగ యింట జొరబడినపుడు గోడమీద పడిన యడుగుగుర్తు వంటిది. దొంగ లోపల నున్నాడో, వెడలిపోయినాడో ఆ గుర్తు చెప్పజాలదు. వైరసును దేహము తానుగ వెడలగొట్టినను, మందుచేత వెడలిపోయినను, గుర్తు మాత్రము చిరకాలము నిలిచియుండును. దొంగ యిప్పుడున్నాడా యని తేల్చునది రెండవ పరీక్ష. అది వైరసు ఆర్.ఎన్.ఎ. ను నేరుగ వెదకును. ఈ రెండవ పరీక్షలో వైరసు కనబడినవాడే రోగి. కనబడనివాడు రోగి కాడు. క్రొత్తగ సోకినవానిలో యాంటీబాడీ పుట్టుటకు రెండు మూడు మాసములు పట్టవచ్చును, ఆర్.ఎన్.ఎ. ఒకటి రెండు వారములలోనే కానవచ్చును. కావున సూదిగ్రుచ్చుకొన్న నర్సు విషయమున మొదటి పరీక్షనే నమ్మి ధైర్యము చెప్పుట తొందరపాటు. కాలేయపు ఎంజైములు సరిగనున్నవని వ్యాధి లేదనుటయు పొరపాటే. ఎంజైములు మామూలుగ నుండగనే కాలేయము చెడుచుండుట కలదు.

ఈ రెండు మెట్ల నడుమ నెందఱు జారిపోవుచున్నారో చూడుడు. ఒక చిన్న వర్తకుని తలచుకొందము. వరిబీజమునకు శస్త్రచికిత్స చేయించుకొనుటకు పట్టణపు ఆసుపత్రికి పోయినాడు. కార్డుమీద రెండు గీతలు కనబడినవి. 'నీకు సి ఉన్నది' అనిరి. శస్త్రచికిత్స వాయిదా పడినది, లేదా ఖర్చు రెట్టించినది. రెండవ పరీక్ష మఱియొకచోట, మఱియొకనాడు, మఱికొంత సొమ్ముతో చేయించుకొమ్మనిరి. ఆతడింటికి పోయినాడు. భార్య కంచము వేఱు పెట్టినది. అన్నదమ్ములు గ్లాసు వేఱు పెట్టిరి. రెండవ పరీక్షకు ఆతడు మరల రాలేదు. ఆతనికి వైరసు లేకున్నయెడల చేయని నేరమునకు శిక్ష ననుభవించుచున్నాడు. ఉన్నయెడల మాన్పదగిన వ్యాధితో మరణించుటకు సిద్ధమగుచున్నాడు. రెండును అన్యాయమే. ఇట్టి చీటిని చేతబట్టుకొని పరదేశమున కొలువునకు పోజూచిన యువకుని గతియు నింతే. యాంటీబాడీ చీటి నొక్కదానిని చూచి రోగి యని ముద్రవేయుట శాస్త్రము కాదు. అది క్రొత్తరకపు అంటరానితనము.

వ్యాధి యున్నదని తేలినపిదప వైద్యుడు తెలిసికొనవలసిన ముఖ్యవిషయము కాలేయమెంత చెడినదన్నది. దీనికి పూర్వము సూదితో కాలేయపు ముక్క తీసి చూచెడివారు. నేడు సామాన్య రక్తపరీక్షలు చాలును. రోగి వయస్సు, రెండు ఎంజైముల కొలత, ప్లేట్‌లెట్ల సంఖ్య, ఈ నాలుగింటితో లెక్కగట్టు ఫిబ్-4 యను సూత్రము జిల్లా ఆసుపత్రిలో కాగితము, పెన్సిలు ఉన్న యే వైద్యునికైనను సాధ్యము. ఆ లెక్క 3.25 కు మించినయెడల సిరోసిస్ ఉన్నదేమోయని జాగ్రత్తపడవలెను. ఫైబ్రోస్కాను యంత్రమున్నచోట మంచిదే. లేదని చికిత్స నాపరాదు. మన దేశమున వైరసు తెగలలో మూడవది హెచ్చు. పూర్వము తెగను తెలిసికొనక మందు నిర్ణయించుట కుదరదు. నేటి మాత్రలు చాలవఱకు అన్ని తెగలపైనను పనిచేయును గనుక ఆ ఖరీదైన పరీక్షకై రోగిని నిలిపి యుంచవలసిన పని సాధారణముగ లేదు.

చికిత్సలో వచ్చిన మార్పు గమనింపదగినది. పూర్వము ఇంటర్‌ఫెరాన్ సూదులను, రిబావిరిన్ మాత్రలను ఆఱు నెలలు మొదలు సంవత్సరము వఱకు ఇచ్చెడివారు. జ్వరము, నీరసము, మనోవ్యథ, రక్తహీనత, ఇన్ని బాధలు పడిన పిదప కొన్ని తెగలలో సగముమందికి మాత్రమే నయమయ్యెడిది. నేడు సిరోసిస్ లేనివానికి సోఫోస్బువిర్ 400 మిల్లీగ్రాములు, డక్లాటస్విర్ 60 మిల్లీగ్రాములు, దినమున కొకమారు 12 వారములు. సిరోసిస్ ఉన్నవానికి సోఫోస్బువిర్‌తో వెల్పటాస్విర్. కడుపున నీరు చేరినంతగ ముదిరినవానికి నిపుణుని పర్యవేక్షణలో దానికి రిబావిరిన్ జోడింతురు. జాతీయ కార్యక్రమము మొదలిడిననాటి నియమము లివియే. డయాలిసిస్ మీద నున్నవారికిని ఈ మాత్రలు ఈయవచ్చునని శాస్త్రజ్ఞులు అంగీకరించిరి.

సులభమైనదని అజాగ్రత్త కూడదు. మొదటిమాత్ర వేయుటకు ముందే హెపటైటిస్-బి పరీక్ష చేయవలెను. సి వెడలిపోవుచుండగా బి చెలరేగిన సందర్భములున్నవి. క్షయకు వాడు రిఫాంపిసిన్‌తో సోఫోస్బువిర్ ఈయరాదు. గుండెకు అమియోడరోన్ వాడుచున్నవానికి ఈయుట అపాయకరము. రిబావిరిన్ గర్భస్థశిశువునకు హానికరము. మద్యము మానవలెను. అన్నిటికంటె ముఖ్యమైనది, మందు ముగిసిన పండ్రెండు వారములకు మరల ఆర్.ఎన్.ఎ. పరీక్ష చేయించుకొని వైరసు లేదని తేల్చుకొనుట. అప్పుడే నయమైనదని చెప్పవలెను. యాంటీబాడీ పరీక్ష మరల చేయించి, 'ఇంకను ఉన్నది' యని భయపడుట నిరర్థకము. సిరోసిస్ వచ్చిన తరువాత నయమైనవాడు ఆఱేసి నెలలకొకమారు కాలేయమును అల్ట్రాసౌండుతో చూపించుకొనుచుండవలెను. వైరసు పోయినను క్యాన్సరు భయము పూర్తిగ పోదు. నయమైనవానికి మరల సోకకూడదన్న నియమమును లేదు. దీనికి టీకా లేదు.

మందు వెల విషయమున మన దేశము వహించిన పాత్ర గర్వింపదగినది. 2013 డిసెంబరులో అమెరికాలో సోఫోస్బువిర్‌కు అనుమతి లభించినపుడు ఒక్కొక్క మాత్ర వెల వేయి డాలర్లు. పండ్రెండు వారముల చికిత్సకు 84,000 డాలర్లు. ధనికదేశములే ఆ వెల విని వెనుకంజ వేసినవి. 2014 సెప్టెంబరులో ఆ మందు స్వంతదారులైన గిలియడ్ సంస్థవారు, పేదదేశములకు తయారుచేసి యమ్ముకొనుటకు భారతీయసంస్థలకు అనుమతి పత్రములిచ్చిరి. వానిలో హైదరాబాదు హెటిరో ఒకటి. హైదరాబాదు నాట్కో మొదట పేటెంటును ప్రతిఘటించి, 2015 లో అనుమతి పొందినది. మన పేటెంటు కార్యాలయము 2015 జనవరిలో ఆ మందునకు సంబంధించిన యొక దరఖాస్తును నిరాకరించి, 2016 మే లో అంగీకరించినది. ఈ వ్యవహారమున నెవరెంత ఒప్పు, ఎంత తప్పు అన్నది వేఱు చర్చ. పోటీవలన వెల పడిపోయెననుట, వేయి డాలర్ల మాత్ర సామాన్యుని చేతికి దిగివచ్చెననుట మాత్రము నిర్వివాదము. కాని స్వదేశమున పుట్టిన మందు విదేశములలో ప్రాణములు నిలుపుచుండగా, ఆ కర్మాగారపు గోడకు ఆవలి వీధిలోని రోగికి తన జబ్బే తెలియకుండుట యెట్టి స్వదేశీయము?

ఇది యసాధ్యమని చెప్పువారు పంజాబువైపు చూడవలెను. 2016 లో ఆ రాష్ట్రమువారు ఉచితచికిత్స నారంభించి, దానిని పెద్దనగరపు నిపుణుల చేతిలో బంధింపక జిల్లా ఆసుపత్రుల సామాన్య వైద్యులకు అప్పగించిరి. వ్రాతపూర్వకమైన క్రమము ననుసరించి వారు చికిత్సచేయగా, పూర్తిచేసిన నూటికి తొంబదిమందికి మించి నయమైరి. ఆ యనుభవమే తరువాత దేశమునకు దారి యైనది. 2018 జూలై 28 న జాతీయ కార్యక్రమ మారంభమైనది. ఇన్ని యున్నను ప్రపంచారోగ్యసంస్థవారు 2024 లో ప్రకటించిన నివేదికనుబట్టి 2022 లో మన దేశమున హెపటైటిస్-సి ఉన్నవారు సుమారు 55 లక్షలు. ప్రపంచమంతటను కలిపి చూచిన, వ్యాధి యున్నదని తెలిసినవారు నూటికి 36 మంది. చికిత్స నందుకొన్నవారు 20 మంది మాత్రమే. 2030 నాటికి ఈ వ్యాధిని ప్రజారోగ్యమునకు బెడద కాకుండ చేయుదుమని దేశములన్నియు వాగ్దానము చేసి యున్నవి. గడియారము మన కొఱకు నిలువదు.

మేము కోరునది కోటల నిర్మాణము కాదు. మొదటిది: కార్డుపరీక్షలో గీత కనబడిన యెడల, రోగిని మరల రమ్మనక, ఆనాడే తీసిన రక్తముతోడనే ఆర్.ఎన్.ఎ. పరీక్ష జరుగవలెను. క్షయకై జిల్లాలలో నున్న పరీక్షాయంత్రములలో కొన్ని ఈ పనికిని ఉపయోగపడును. రెండవది: పాతికయేండ్లకు ముందు రక్తము ఎక్కించుకొన్నవారు, డయాలిసిస్ రోగులు, తలసేమియా బిడ్డలు, మత్తుసూదులు వాడినవారు, ఆసుపత్రి సిబ్బంది, వీరినెల్ల వెదకి పరీక్షింపవలెను. శ్రీకాకుళపు ఉద్దానమున మూత్రపిండవ్యాధితో యంత్రముల నాశ్రయించి బ్రతుకుచున్నవారు మన కన్నుల యెదుటనే యున్నారు. ఒక వ్యాధికి చికిత్స పొందబోయి మఱొక వ్యాధిని తెచ్చుకొనరాదు. మూడవది: చికిత్స తాలూకా ఆసుపత్రి వఱకు రావలెను. ఏ వైద్యుడైనను నేర్చుకొనదగిన పని యిది. నిపుణుడు ముదిరినవారిని చూచిన చాలును. నాలుగవది: కార్డుచీటిని చూపి శస్త్రచికిత్సను, కొలువును నిరాకరించు దురాచారము అంతరింపవలెను. వైద్యుడు ప్రతిరోగి రక్తమును జాగ్రత్తతో ముట్టవలసినదే. ఒక్కనిని వెలివేయుటచే ఎవరికిని రక్షణ లేదు. ఐదవది: వాడిన సూది మరల వాడుటకు వీలులేని సిరంజిలు ప్రతిచోట ఉండవలెను.

ప్రభుత్వమునకు చెప్పవలసినది చెప్పితిమి. పాఠకులకును ఒక మాట. పఠనమందిరమున ఈ పత్రిక చేతబట్టిన సోదరులలో ఎన్నడో రక్తము ఎక్కించుకొన్నవారు, సూదిమందులు విరివిగ పొందినవారు లేకపోరు. వారు తమ పట్టణపు ప్రభుత్వ వైద్యాలయమునకు పోయి యొక్క చుక్క నెత్తురు నిచ్చి రండు. గీత కనబడినయెడల భయపడకుడు, ఆర్.ఎన్.ఎ. పరీక్ష చేయించుకొనక తిరిగి రాకుడు. మాత్ర చాలునని వైద్యుడన్నచోట సూదికై పట్టుబట్టకుడు. పొరుగువానికి ఈ వ్యాధి యున్నదని విన్నయెడల ఆతని గ్లాసు వేఱు పెట్టకుడు. ఆతనిని చేయిపట్టి ఆసుపత్రికి తోడ్కొనిపొండు. తమకు జబ్బున్నదని యెఱుగక నేడు తమ పనులు తాము చేసికొనుచున్నవారు ఇంకొక పదియేండ్లకు కడుపుబ్బి మంచము పట్టకుండ జేయుట మన చేతిలో నున్నది. మందు మన యింటనే యున్నది. దానివఱకు నడచుటయే మిగిలినది.